ముట్లుడిగిన పిమ్మటి నిస్సత్తువ

ఏబదియేండ్లు దాటిన స్త్రీ "ఒంట్లో సత్తువ లేదు" అన్నచో మన యిండ్లలో దానికి దొరకు ప్రత్యుత్తర మొక్కటే: "వయసు గదా!" ఆ మాటతో విచారణ ముగియును. జ్వరము వచ్చినచో వైద్యుని పిలుతురు. చేయి విఱిగినచో కట్టు కట్టింతురు. కాని నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏండ్ల తరబడి, లేచినది మొదలు పడుకొనువఱకు దేహమును వదలని యలసటను వ్యాధిగా నెవరు నెంచరు. ఆమెయు నెంచదు. మా వింజమూరు ప్రాంతమున, ఉదయగిరి ఆత్మకూరుల మెట్టపల్లెలలో, ఈ మాట వినరాని యిల్లు అరుదు. ఈ నిస్సత్తువను గూర్చి లోకము ఏ కాలమున నేమనుకొనినది, మన జిల్లాలో దానివెనుక నేమేమి దాగియున్నది యను సంగతిని చరిత్రదృష్టితో పరిశీలింపవలెనని మా తలంపు. ఇది బహిరంగముగా మాటాడదగిన విషయము కాదని కొందఱనవచ్చును. ఇంటిలో సగముమందికి తప్పక వచ్చు దశను గూర్చి మాటాడుటలో సిగ్గుపడవలసిన దేమున్నదో మాకు బోధపడదు.

మొదట మాటనే తీసికొందము. "ఉడుగు" అను తెలుగు క్రియకు నిలిచిపోవుట, తగ్గిపోవుట యని యర్థము. వాన యుడుగును, గాలి యుడుగును, ముట్లుడుగును. అదే క్రియను "వయసుడిగిన" యనియు, "శక్తియుడిగిన" యనియు గూడ వాడుదుము. ముట్లకును బలమునకును ఒకే క్రియ చేరుటవలన, ఒకటి యుడిగిన వెంటనే రెండవదియు నుడుగుట న్యాయమే యను భావము తెలియకుండ మన మనస్సులలో నాటుకొని యుండవచ్చును. పిల్లలకు వ్యాకరణము చెప్పు మావంటివారికి ఇట్టి యనుమానములు కలుగుట సహజము.

ప్రాచీనులు ఈ దశను ఎఱుగనివారు కారు. సుశ్రుతసంహిత స్త్రీకి రజస్సు పండ్రెండవ యేట మొదలై ఏబదియవ యేట క్షీణించునని చెప్పినది. గ్రీసుదేశమున అరిస్టాటిలు పలువురికి నలువదియవ యేటను, కొందఱికి ఏబదియవ యేటను నిలిచిపోవునని వ్రాసెను. మన వైద్యులు దీనిని రోగముగా గణింపలేదు. ఫలము పండినట్లు దేహము పరిపాకము నొందుట యనియు, ఆ వయస్సు మొదలు వాతము ప్రబలుననియు తలంచిరి. రోగము కాదనుట మెచ్చదగిన వివేకమే. అయితే రోగము కాని దశలో సయితము రోగములు వచ్చునను సంగతిని అంతగా విడమరచి చెప్పలేదు. దానికొక కారణము కలదు. 1941–51 నడుమ మన దేశమున సగటు ఆయుర్దాయము 32 ఏండ్లు మాత్రమే. పసిపిల్లల మరణములు అధికమగుటచే ఆ లెక్క అంత తక్కువయైన మాట నిజమే గాని, ప్రసవములను, మశూచికమును, కలరాను దాటి ఏబదియేండ్లు చూచిన స్త్రీలు కొలదిమందియే. నేడు ఆ వయస్సు చేరిన స్త్రీకి మఱి యిరువదియైదు, ముప్పది యేండ్ల జీవితము ముందున్నది. అంతకాలమును "వయసు గదా" యను అయిదక్షరముల మాటతో గడుపుమనుట ఏపాటి న్యాయము?

ఐరోపాలో గార్డాన్ యను ఫ్రెంచి వైద్యుడు 1821 లో ఈ దశకు "మెనోపాజ్" అను పేరు పెట్టెను. 1857 లో లండనునందు ఎడ్వర్డు టిల్టు దీనిని గూర్చి గ్రంథమే వ్రాసి, వందలకొలది స్త్రీల బాధలను విని పట్టికలు కట్టెను. వినుటవఱకు ఆయన మేలు చేసినట్లే. అయితే ఆ నాటి చికిత్సలలో మత్తుమందులతోపాటు నెత్తురు తీయుటయు నుండెను. అలసినదాని నెత్తురు తీసి బలము కలిగింపజూచుట! 1869 లో అమెరికాదేశపు జార్జి బియర్డు అలసట యంతయు నరముల శక్తి వ్యయమగుటవలన వచ్చునని సిద్ధాంతము చేసెను. మన పల్లెలలో నేటికిని వినవచ్చు "నరాల బలహీనత" యను మాటమీద ఆ సిద్ధాంతపు నీడ యున్నదని మా యభిప్రాయము.

పిమ్మట రసాయనశాస్త్రజ్ఞుల వంతు వచ్చెను. 1929 లో అమెరికాలో డోయిజీ, జర్మనీలో బుటెనాండ్టు వేఱువేఱుగ ఈస్ట్రోజెన్ జాతి హార్మోనును శుద్ధరూపమున వేఱుపఱచిరి. 1942 లో చూడి గుఱ్ఱముల మూత్రమునుండి తీసిన హార్మోను మాత్రలు అమెరికాలో అమ్మకమునకు వచ్చెను. 1966 లో రాబర్టు విల్సను అను వైద్యుడు, ముట్లుడుగుట యనగా హార్మోను లోపమను రోగమే యనియు, మాత్రలు మ్రింగినచో యౌవనము నిలుచుననియు పుస్తకము వ్రాసి లక్షలకొలది స్త్రీలను నమ్మించెను. ఆయనకు మందులు చేయు వ్యాపారసంస్థలనుండి ధనసహాయ మందెనని తరువాత బయటపడినది. 1975 లో ఈస్ట్రోజెన్ నొక్కదానినే వాడిన స్త్రీలలో గర్భాశయపు పొర కాన్సరు హెచ్చుచున్నదని తేలెను. 2002 జూలైలో, 16,608 మంది స్త్రీలపై అమెరికాలో జరుగుచుండిన రెండు హార్మోనుల పరీక్షను రొమ్ముకాన్సరు, గుండెజబ్బు, పక్షవాతము హెచ్చుచున్నవని నడుమనే నిలిపివేసిరి. నిన్నటివఱకు అమృతమనిపించుకొనిన మాత్ర నొక్కదినములో విషమని పాఱవేసిరి. ఆ పరీక్షలో పాల్గొన్న స్త్రీల సగటు వయస్సు 63 ఏండ్లు. అనగా వారిలో పెక్కండ్రు ముట్లుడిగి పదియేండ్లు దాటినవారు. అఱువది దాటకముందు, ముట్లుడిగిన పదియేండ్లలోపల, వైద్యుని పరీక్షతో మొదలుపెట్టువారికి లాభము నష్టముకంటె మిక్కిలిగా నుండవచ్చునని తరువాతి పరిశీలనలు తేల్చినవి. కాబట్టి అది అమృతమును గాదు, విషమును గాదు. కొందఱికి పనికివచ్చు మందు.

ఈ చరిత్రలో మాకు తోచిన లోపమొకటి. పరిపాకమనిరి, నరములనిరి, హార్మోననిరి. ఎప్పటికప్పుడు ఒక్క పేరుతో స్త్రీల యలసట నంతటిని మూటగట్టిరి. మూట విప్పి లోపల నెన్ని సరుకులున్నవో చూచినవారు తక్కువ.

తెలుగుదేశమున సంస్కర్తల దృష్టి మొదట బాల్యవివాహముమీదను, వితంతువుమీదను, చదువుమీదను నిలిచినది. అది ఆ కాలమునకు తగినదే. వీరేశలింగము పంతులుగారు 1883 లో స్త్రీలకై "సతీహితబోధిని" పత్రికను నెలకొల్పిరి. ఒంగోలు ప్రాంతమున బుట్టి, చిన్ననాడే మద్రాసు చేరి, వైద్యుడై పేరుగాంచిన కె. ఎన్. కేసరిగారు 1928 లో "గృహలక్ష్మి" మాసపత్రికను స్థాపించిరి. వారి కేసరికుటీరమునుండి స్త్రీల గర్భాశయబాధలకని వెలువడిన "లోధ్ర" పేరు ఎఱుగని తెలుగు గృహములు ఆ దినములలో తక్కువ. లొద్దుగచెట్టు పేరు పెట్టుకొనిన ఆ మందు స్త్రీల పత్రికకు అన్నము పెట్టినదన్నను తప్పులేదు. ఆ మందు గుణదోషముల చర్చకు మేము దిగము. ఇతరులతో చెప్పుకొనలేని బాధకు ఒక పేరున్నదనియు, మందు అడుగవచ్చుననియు స్త్రీలకు ఇట్టి ప్రకటనలవలన తెలిసినది, ఇది లాభము. ఎవరును నాడి చూడకుండనే, నెత్తురు పరీక్షింపకుండనే, టపాలో వచ్చు సీసాతో బాధ తీర్చుకొను నలవాటు కూడ వానితోనే వచ్చినది, ఇది నష్టము.

ఇంటిపని సంగతి ఎవరు నంతగా వ్రాయలేదు గాని, మాకది ముఖ్యముగా తోచుచున్నది. మడి యాచారము గల కుటుంబములలో స్త్రీ నెలకు మూడుదినములు బయట కూర్చుండెడిది. ఆ యాచారమును మేము సమర్థింపము. ఆడుదానిని అంటరానిదానిగ చేసిన యాచారము పోవుటయే మంచిది. అయితే ఆ మూడు దినములును ఆమెకు పొయ్యి నంటని దినములు. ముట్లుడిగిన నాటినుండి ఆ మూడు దినముల విడుపును పోయెను. అంతేగాక ఎప్పుడును "బయట చేరదు" గనుక మడివంట యంతయు పెద్దావిడమీదనే పడెను. బలము తగ్గు వయస్సున పని హెచ్చుట యన్నమాట. మడి లేని కాపుకుటుంబములలోను, కూలిజనములోను ఇంకొక విధము. నేడు కొడుకులు హైదరాబాదునకో బెంగుళూరునకో చేరగా, గేదెలును, పొలమును, అప్పుడప్పుడు మనుమలును ఏబదియైదేండ్ల తల్లి చేతిలో మిగులుచున్నారు. ఆమె అలసటకు ఏ హార్మోనును వెదకుటకు ముందు ఆమె దినచర్యను వ్రాసి చూచినచో కొంత కారణము అక్కడనే కనబడును.

ఇక మన జిల్లా సంగతి. 1937 లో మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటు అధ్యక్షుడు షార్టు, ఆయన సహచరులు మక్‌రాబర్టు, బార్నార్డు, మన్నాడి నాయరు కలసి మద్రాసు రాజధానిలోని ఫ్లోరోసిస్ వ్యాధిని వర్ణించిరి. ఎముకలను పట్టు ఈ రోగము భారతదేశమున శాస్త్రీయముగ గుర్తింపబడిన తొలితావు నాటి నెల్లూరు జిల్లాయే. జిల్లాలో పశువులు కాళ్లు బిగిసి కాడి మోయలేకపోవుటను రైతులు ముందే కనిపెట్టిరని చెప్పుదురు. దర్శి, పొదిలి మొదలైన ఆ మెట్టతాలూకాలు 1970 లో మన జిల్లానుండి విడిపోయి నేటి ప్రకాశము పేరు పొందిన జిల్లాలో చేరినవి. కాని రాతినేల జిల్లాసరిహద్దులను లెక్కచేయదు. ఉదయగిరి, వింజమూరు వైపు పల్లెలలోను బోరునీటియందు ఫ్లోరైడు హెచ్చుగా నుండుట అందఱికి తెలిసిన సంగతియే. లీటరునకు 1.5 మిల్లీగ్రాములకంటె హెచ్చరాదని ప్రపంచారోగ్యసంస్థ నియమము. అంతకు మించిన నీటిని ఏండ్లకొలది త్రాగినవారికి నడుము వంగదు, మెడ తిరుగదు, కీళ్లు బిగియును, ఒళ్లంతయు నొప్పులు, నడచిన కొలది ఆయాసము. చిన్ననాడు మొదలు త్రాగిన నీటి ఫలము నడివయస్సు దాటిన పిమ్మట బయటపడును. సరిగా ముట్లుడుగు కాలమే! అప్పుడే ఈస్ట్రోజెన్ తగ్గుటవలన ఎముకలలోని సున్నపుపాలు సహజముగ క్షీణింపసాగును. నీటిదోషము, ఎముకలక్షయము రెండును కలిసి వచ్చి, రెండును "వయసు" అను పేరుతో చెలామణి యగును.

1940 లో పండిట్, రాఘవాచారి మొదలైనవారు ఈ రోగము ఒకే నీరు త్రాగిన వారిలోను తిండి చాలనివారిని హెచ్చుగా బాధించునని కనుగొనిరి. అనగా అందఱు తినిన పిమ్మట మిగిలినది తిను స్త్రీయే మొదట లొంగిపోవును. నల్లగొండ పేరిట ప్రసిద్ధికెక్కిన పద్ధతి, పటికయు సున్నమును కలిపి ఫ్లోరైడును అడుగునకు దింపునది, 1970 ప్రాంతముల నాగపూరు ఇంజనీరింగు పరిశోధనసంస్థవారు కనిపెట్టినది. నేడు పల్లెలలో నీటిశుద్ధియంత్రములు వచ్చినవి. అయినను ఒక పొరపాటు నమ్మకము నిలిచియున్నది: నీరు కాచినచో దోషము పోవునని. క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరియైన కొలది మిగిలిన నీటిలో దాని పాలు హెచ్చును.

రెండవ సరుకు రక్తహీనత. ఈ విషయమున మన తెలుగువాని పేరు చెప్పుకొనవలెను. 1928 మొదలు బొంబాయి మిల్లులలో పనిచేయు గర్భిణీస్త్రీల రక్తహీనతను పరిశోధించిన లూసీ విల్సు అను వైద్యురాలు, ఈస్టుసారముతో అది కుదురుట చూచెను. ఆ సారములోని గుణము ఫోలిక్ ఆమ్లమని తేలినది. దానిని 1945 లో అమెరికాలో కృత్రిమముగ తయారుచేసిన పరిశోధకబృందమునకు నాయకుడు భీమవరమున బుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఇంతటి చరిత్ర కలిగియు మన యిండ్లలో నెత్తురు కుదురుకొనలేదు. 2019–21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్ల స్త్రీలలో నూటికి ఇంచుమించు 59 మందికి రక్తహీనత కలదని తేలెను. ఆ లెక్క 49 తో నిలిచిపోవుట చదువరులు గమనింపవలెను. 2018 లో మొదలైన "అనీమియా ముక్త భారత్" పథకమందును ఇనుపమాత్రలు ప్రసవయోగ్యమైన వయస్సు స్త్రీలకే. బిడ్డను కనునంతవఱకే స్త్రీ నెత్తురు రాజ్యమునకు లెక్క యన్నట్లున్నది. నలువదియైదు దాటినవారిని గూర్చిన దేశవ్యాప్తమైన పరిశీలన 2017–18 లోగాని ఆరంభము కాలేదు.

ముట్లు నిలుచుటకు ముందు నాలుగైదేండ్లు కొందఱికి రక్తస్రావము మిక్కుటముగ నుండును. ఆ కాలమున ఖాళీయైన ఇనుపనిల్వ, ముట్లుడిగిన వెంటనే తనంతట నిండదు. శాకాహారుల యిండ్లలో బి12 అను విటమిను లోపము మఱియొకటి. ఇది ఆకుకూరలలోను పప్పులలోను లేదు. పాలు, పెరుగు, గ్రుడ్లు, మాంసములందే కలదు. మధుమేహమునకు మెట్‌ఫార్మిన్ మాత్రలు చిరకాలము వాడువారికి ఇది ఇంకను తగ్గవచ్చును. అలసట, అరికాళ్ల తిమ్మిరి, మతిమఱపు కలిసివచ్చినచో దీనిని అనుమానింపవలెను. గొంతులోని థైరాయిడు గ్రంథి మందగించుట వేఱొకటి. 2013 లో ప్రకటింపబడిన ఎనిమిది నగరముల పరిశీలనలో పెద్దలలో నూటికి ఇంచుమించు 11 మందికి ఈ లోపము కనబడెను. పురుషులకంటె స్త్రీలలో హెచ్చు. ఒళ్లు బరువెక్కుట, చలికి తాళలేకుండుట, మలబద్ధము, నిస్సత్తువ, ఇవియన్నియు ముట్లుడిగిన లక్షణములని పొరబడుట మిక్కిలి సులభము. నెత్తుటి పరీక్ష యొక్కటి దానిని బయటపెట్టును. దినమొక చిన్నమాత్ర సరిచేయును.

మూడవది మన రాష్ట్రమునకు విశేషముగ సంబంధించినది, మనసుకు కష్టము కలిగించునది. పైజెప్పిన సర్వేలోనే, 49 ఏండ్లలోపు స్త్రీలలో గర్భసంచి తీయించుకొనినవారు దేశము మొత్తముమీద నూటికి ముగ్గురు కాగా, ఆంధ్రప్రదేశమున ఇంచుమించు తొమ్మండ్రు. దేశములో నింత హెచ్చు మఱెక్కడను లేదు. తెల్లబట్టకును, నడుమునొప్పికిని, "ఇక పిల్లలు చాలు గదా, తీసివేసిన పీడ పోవును" అను మాటకును ముప్పదియైదేండ్లకే గర్భసంచి తీయించుకొనిన స్త్రీలు మన పల్లెలలో నెందఱో. అండకోశములనుకూడ తీసినచో ముట్లుడుగు దశ, క్రమముగ నలువదియాఱవ యేట రావలసినది, ఒక్కదినములో వచ్చిపడును. అండకోశములు నిలిపినను అవి ముందుగా ఎండిపోవుట కలదు. ఆ స్త్రీకి నలువదియేండ్లకే ఒంటిలో ఆవిరులు, నిద్రలేమి, ఎముకలనొప్పి. ఆమెకుకూడ "వయసు" అను మాటయే సమాధానము! డాక్టరు నరేంద్రగుప్త 2013 లో వేసిన ప్రజాహితవ్యాజ్యముమీద 2023 ఏప్రిలు 5 న సుప్రీముకోర్టు తీర్పు చెప్పుచు, అనవసరమైన గర్భసంచి శస్త్రచికిత్సలను నివారించు కేంద్రప్రభుత్వ నియమములను రాష్ట్రములన్నియు మూడు నెలలలో నవలంబింపవలెనని యాజ్ఞాపించెను. ఆ నియమములు తెలిసిన గృహములు ఎన్ని? తీయించుకొనుమని చెప్పినప్పుడు రెండవ వైద్యురాలి యభిప్రాయ మడుగుట మర్యాదకు భంగము కాదు.

ఇన్నియు తీసివేయగా మిగులునది ముట్లుడుగుట వలననే వచ్చు అలసట. అదియు కల్పన కాదు. ఈస్ట్రోజెన్ తగ్గగా మెదడులో దేహపు వేడిని కాచుచోటు తడబడి, నడిరేయి ఒళ్లు భగ్గుమని చెమటలు పోసి మెలకువ వచ్చును. రాత్రికి మూడుసార్లు లేచినవారికి పగలు సత్తువ యెక్కడినుండి వచ్చును? నిద్ర కుదిరినచో సగము బాధ తీఱును. రాత్రి పెందలకడ తేలికగా తినుట, సాయంకాలపు కాఫీ మానుట, గాలి వచ్చుచోట పడుకొనుట మొదటి మెట్టు. ఆవిరులు మిక్కుటమైనచో హార్మోను చికిత్సనుగూర్చి వైద్యురాలి నడుగవచ్చును. గర్భసంచి యున్నవారికి రెండు హార్మోనులును కలిపి ఇయ్యవలెను. రొమ్ముకాన్సరు, నెత్తురుగడ్డలు వచ్చినవారికి అది తగదు. చిన్నవయస్సుననే అండకోశములు పోయినవారు దీనిని తప్పక విచారింపవలెను. దిగులు మనస్సును పట్టి యే పనియందును రుచి లేనిచో, అదియు వైద్యము గల వ్యాధియే.

దినమునకు అరగంట నడువుమని పట్టణపు వైద్యులు చెప్పుదురు. బల్లముందు కూర్చుండువారికి అది మంచి మాట. ప్రొద్దు పొడుపునుండి నిలువుకాళ్ల నున్న మెట్టపల్లె స్త్రీకి నడక చెప్పుట హాస్యము; ఆమెకు కావలసినది మధ్యాహ్నమొక గంట నడుము వాల్చుటయు, వేళకు కడుపునిండ తినుటయు. మన నేలలో పండు రాగులలో నూరుగ్రాములకు మున్నూటనలువది మిల్లీగ్రాములకు మించి సున్నపుపాలు కలదు. సంగటి విడిచి తెల్లయన్నమునకు మరగుట మన పొరపాటు. మునగాకు, గోంగూర, పప్పులలోని ఇనుము పులుపుతో కలిసినచో దేహమునకు బాగుగ పట్టును. నిమ్మచెట్లకు పేరుపొందిన జిల్లాలో ఇది చెప్పవలసి వచ్చుటే వింత. అన్నము తినిన వెంటనే త్రాగు టీ, కాఫీలు ఆ ఇనుమును అడ్డగించును.

వింజమూరుకు ఎంతో దూరము లేని దూబగుంటలో 1992 లో ఏమి జరిగినదో చదువరులు మఱచియుండరు. రాత్రిబడిలో అక్షరములు నేర్చిన స్త్రీలు, పాఠములోని సీతమ్మ కథ తమ కథయేయని గ్రహించి, రోసమ్మ మొదలగువారు ముందునడువగా సారాదుకాణమును మూయించిరి. ఆ జ్వాల జిల్లాలంతట వ్యాపించి 1993 అక్టోబరు 1 న రాష్ట్రమున సారా నిషేధింపబడెను. ఆ వెనుకనే నెల్లూరు జిల్లాలో స్త్రీల పొదుపుసంఘములు విస్తరించినవి. తాగుబోతుతనమును మగవాని స్వభావమని, తమ తలవ్రాతయని అంతకుముందు తలంచిన స్త్రీలే అది మాన్పదగినదని తేల్చిరి. ఆ సంఘములు నేటికిని నెలనెలా కూడుచున్నవి. చీటీల లెక్కతోపాటు ఏడాది కొకసారి నలువది దాటిన సభ్యులందఱికి వ్రేలినుండి చుక్కనెత్తురు తీసి హిమోగ్లోబిన్ చూపించుట కష్టమైన పనియా? పండ్రెండు గ్రాములకు తక్కువైనచో రక్తహీనత. ఊరి బోరునీటిని జిల్లా ప్రయోగశాలకు పంపి పరీక్షింపుమని పంచాయతీ నడుగుటకును సంఘమునకు నోరున్నది.

రెండు సందర్భములలో మాత్రము ఆలస్యము కూడదు. ముట్లు నిలిచి సంవత్సరమైన తరువాత మరల ఒక్కచుక్క నెత్తురు కనబడినను, "మళ్లీ వచ్చినది" అని ఊరకుండక ఆ వారములోనే స్త్రీవైద్యురాలిని చూడవలెను. అది గర్భాశయపు కాన్సరుకు తొలిసూచన కావచ్చును. ముట్లు లేని స్త్రీకి రక్తహీనత కొత్తగా కనబడినచో నెత్తురు వేఱొకచోట, పలుమారు జీర్ణకోశమున, పోవుచుండవచ్చును. ఇనుపమాత్రలు ఇచ్చి ఊరుకొనక అది యెక్కడనో వెదకుమని వైద్యుని అడుగవలెను.